గుట్ట ఎక్కేటప్పటి చప్పుడు

తాండూరులో రాతి గనులున్న ఒక సేఠ్ దగ్గర నేను పదేళ్లకు పైగా కారు నడిపాను. ఇది అరవైల నాటి మాట. అప్పటికి ఆ నల్లకారు చాలా పాతది. ప్రతి ఆదివారం పొద్దున్నే సేఠ్‌ను వికారాబాదు గుట్ట మీది క్షయ ఆసుపత్రికి తీసుకుపోయేవాణ్ణి. ఆయన భార్య అక్కడే ఉండేది. కారు వచ్చేవరకు ఆవిడ వరండాలో కూర్చుని ఎదురుచూసేదట.

ఒక చలికాలంలో కారుకు ఒక చప్పుడు పట్టుకుంది. చదును రోడ్డు మీద ఏమీ ఉండదు. గుట్ట మొదట్లో గేరు తగ్గించి ఎక్సిలేటర్ తొక్కానో లేదో, ముందు నుంచి టక్ టక్ మని మొదలు. కాలు తీస్తే మాయం. మళ్లీ తొక్కితే మళ్లీ అదే గోల. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

"గదేంది చప్పుడు? నడుమిట్ల ఆగిపోతదా ఏంది?" అన్నాడు సేఠ్.

"ఉస్తాద్ ఏసిన బేరింగులు సరిగ్గ కూసోలే సేఠ్. గాయన చెయ్యి మునుపటి లెక్క లేదు" అన్నాను.

అనేశాను, అంతే. నా నోటికి అడ్డూ అదుపూ ఏనాడూ లేదు. ఉస్తాద్ అంటే వికారాబాదు స్టేషన్ దగ్గర షెడ్డు పెట్టుకున్న ముసలి మెకానిక్కు. నా చేతికి పానా ఇచ్చింది ఆయనే, స్టీరింగ్ నేర్పింది ఆయనే. రెండు నెలల కిందట ఇంజను విప్పి కొత్త బేరింగులు వేసిందీ ఆయనే. కాబట్టి తప్పు ఆయనదేనని నేను గట్టిగా నమ్మాను. నమ్మినవాణ్ణి ఊరుకోకుండా తాండూరు గంజు బజారులో లారీ డ్రైవర్లందరి దగ్గరా అదే వాగాను. నెల తిరిగేసరికి ఉస్తాద్ షెడ్డు ముందు ఆగే లారీలు సగమయ్యాయి. ఆ చేతి పేరు తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు. అది తెలిసి కూడా నాకు బాధ కలగలేదు. తప్పు పట్టుకున్నది నేనేనని కాస్త గర్వపడ్డాను కూడా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బేరింగులు వేసిన రోజే ఉస్తాద్ నాకొక మాట చెప్పాడు. ఇంజను అదరకుండా కింద ఎడమవైపు ఉండే రబ్బరు దిమ్మె చీలిపోతోంది, పట్నం నుంచి కొత్తది తెస్తే తనే బిగిస్తానని. సేఠ్ నన్ను పట్నం పంపాడు. నేను మా చుట్టాలింట్లో కడుపునిండా బిర్యానీ తిని పడి నిద్రపోయాను. లేచేసరికి రైలు టైమైంది. ఉత్త చేతులతో వచ్చి, తెచ్చి వేశానని సేఠ్‌తో చెప్పాను. వేసింది మా గని దగ్గరి రాతి ముక్క. వేలెడు మందాన ఉలితో చెక్కించి, పైన పాత చెప్పు తోలు పెట్టి దూర్చాను. తాండూరువాడికి రాయి మీద అనుమానం రాదు. మా ఇంటి నేల రాయి, కప్పు రాయి, చేను చుట్టూ కంచె కూడా నిలబెట్టిన రాయే. ఇంజను కింద మాత్రం ఏమవుతుంది అనుకున్నాను.

నా వాగుడు చెవిన పడి ఉస్తాద్ కబురు పంపాడు, సేఠ్‌తో సహా ఒకసారి రమ్మని. తరువాతి ఆదివారం గుట్ట ఎక్కేముందు షెడ్డు దగ్గర ఆపాను. దిగీ దిగగానే ఎగిరాను.

"ఏం ఉస్తాద్, నీ బేరింగులతోని సేఠ్ ముంగట నా ఇజ్జత్ తీసినవ్ గద!"

"నీ ఇజ్జత్ సంగతి తర్వాత చూద్దాం. బండి చాలు చెయ్యి బేటా."

నేను స్టార్టు చేశాక బానెట్ ఎత్తి, పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజనుకు, ఇంకో కొస చెవికి ఆనించాడు. ప్లగ్గు తీగలు ఒక్కొక్కటే పీకి చూశాడు. బేరింగుది తప్పయితే ఏదో ఒక తీగ పీకినప్పుడు కొట్టుడు తగ్గాలి. అసలు కొట్టుడే లేదు. "ఇంజన్ల ఏం లేదు" అన్నాడు. చక్రాలకు అడ్డం రాళ్లు పెట్టి, బ్రేకు పట్టి, గేరులో ఉంచి కొంచెం కొంచెంగా క్లచ్చి వదులుతూ ఎక్సిలేటర్ తొక్కమన్నాడు. తొక్కాను. ఇంజను ఎడమవైపు లేచి, పడింది. టక్. మళ్లీ లేచింది. టక్.

నేను రాయి దూర్చిన చోటే అది.

ఇంజను ఆపించి, కిందికి దూరి చెయ్యి పెట్టాడు. తోలు ఎండి అరిగిపోయి, బోడిగా మిగిలిన రాయి ఆయన పిడికిట్లోకి వచ్చింది. ఉలి దెబ్బలు చూశాడు. నన్ను చూశాడు. సేఠ్ మూడడుగుల దూరంలో బత్తాయిల సంచీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. రాయి సంగతి బయటపడితే ఆ పూటే నా నౌకరీ పోతుందని ఉస్తాద్‌కు తెలుసు. నా చిన్నబిడ్డ ఇంకా నెలల పిల్ల అనీ తెలుసు. గుడ్డపేలికలో రాయి చుట్టి జేబులో వేసుకున్నాడు. షెడ్డులోంచి లారీ టైరు ముక్క తెచ్చి, కోసి, రాయి ఉన్నచోట బిగించాడు.

"దొరికిందా? ఏముండె?" అన్నాడు సేఠ్.

"నా తప్పే సేఠ్. బోల్టు గట్టిగ బిగియ్యక ఢీల ఇడిసిన. మాఫ్ చెయ్యిండ్రి."

నేను నోరు తెరవాలి. ఊరంతా వాగిన నోరు అది. ఆ పూట పెగల్లేదు. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ పెగల్లేదు. ఉస్తాద్ నావైపు చూడకుండా చేతులు తుడుచుకుంటూ, "పో బేటా, గుట్ట మీద అమ్మ ఎదురుచూస్తది" అన్నాడు.

గుట్ట మొదట్లో గేరు తగ్గించి ఎక్సిలేటర్ తొక్కాను. ఏ చప్పుడూ లేదు. కారు నున్నగా ఎక్కుతోంది.

"నువ్వన్నదే నిజమాయె" అన్నాడు సేఠ్ వెనక సీట్లోంచి. "ముసలోని చెయ్యి పోయింది. ఇగ గాయన షెడ్డుకు బండి తీస్కపోకు."

"గట్లనే సేఠ్" అన్నాను.