గోలు వెనక తివాచీ

షంషుద్దీన్ గారు ఫుట్‌బాల్ మ్యాచ్‌కి చంకలో తివాచీ పెట్టుకుని వస్తారు. ఇద్దరు పట్టేంత ముక్క. మెరూన్ రంగు మీద పసుపుపచ్చ పువ్వులు. ఒక పువ్వుకు అయిదు రేకులుంటే దాని పక్కదానికి ఆరున్నాయి. "కొనేవాళ్లు వద్దన్నారండి, నాకు మిగిలింది. పువ్వుకి రేకెక్కువైతే కూర్చునేవాడికి లోటేంటి?" అంటారు. గోలు వల వెనక నాలుగడుగుల దూరంలో దాన్ని పరిచి కూర్చుంటారు. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయి కదా, అప్పుడాయన కూడా తివాచీ చుట్టి, గ్రౌండు చుట్టూ నడిచి, అవతలి గోలు వెనక మళ్లీ పరుస్తారు. మా తమ్మిలేరు ఎలెవెన్ జట్టు కీపరు ఎటుంటే ఆయనా అటే.

ఆ తివాచీ మీద రెండో మనిషిని నేను. ఏలూరులో లైబ్రరీ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఆటకు వెళ్లేటప్పుడు కూడా ఒక పుస్తకం పట్టుకెళ్తాను గానీ పద్నాలుగేళ్లలో ఆ గోలు వెనక ఒక్క పేజీ తిప్పిన గుర్తు లేదు.

ఆయనది తంగెళ్ళమూడి. తొమ్మిదో ఏట తండ్రి మగ్గం ముందు పలక మీద కూర్చోబెట్టారు. పొద్దున మిషన్ స్కూలు, సాయంత్రం తివాచీకి ముళ్లు వేయడం. ఏడో తరగతిలో ఒకే ఒక్కసారి స్కూలు జట్టులో ఆడించారట. ఆట అయ్యాక డ్రిల్లు మాస్టారు పిలిచి, "ఒరే సాయిబూ, నీకు కాళ్లు లేవురా, కళ్లున్నాయి" అన్నారట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆయన మెడలో పతకం వేసినట్టు నిటారుగా కూర్చుంటారు. ఆ తర్వాత యాభై ఎనిమిదేళ్లు పలక మీదే గడిచాయి. దానివల్ల మోకాళ్లు పోయాయి. పావుగంటకు మించి నిలబడొద్దని డాక్టరు చెప్పాడు. అందుకే ఆయనకు గ్రౌండులో తివాచీ ఒక ముచ్చట కాదు, అవసరం.

ఇంకో అలవాటు ఉంది. తివాచీ డిజైను రెండువైపులా గళ్లున్న కాగితం మీద వేస్తారు. ఒక గడి అంటే ఒక ముడి. వాడకం అయిపోయిన ఆ కాగితాల వెనక ఆయన ప్రతి మ్యాచ్‌కీ గ్రౌండు బొమ్మ గీస్తారు. మన మీద గోలు పడితే, బంతి ఎక్కడినుంచి వచ్చిందో ఆ గడిలో ఎర్ర పెన్సిలు. అంతే, ఇంకేమీ రాయరు.

కిందటి సీజన్‌లో మొదటి తొమ్మిది మ్యాచ్‌లకీ కలిపి ఆ కాగితాల మీద నాలుగే ఎర్ర గడులు. ఎనిమిది జట్ల లీగులో మేమే పైన. తర్వాత వరసగా అయిదు ఓడిపోయాం. పెదవేగి మీద, తణుకు మీద, చివరికి అందరూ కొట్టే కలిదిండి మీద కూడా. పైనుంచి నాలుగో స్థానానికి జారి, సెమీస్‌లోకి వెళ్లామో లేదో అన్నట్టు వెళ్లాం. ఎదుట తాడేపల్లిగూడెం జట్టు. ఆట వాళ్ల ఊళ్లోనే.

అయిదో ఓటమి సాయంత్రం గేటు దగ్గర పాపమ్మ పునుగుల బండి చుట్టూ చేరాం. ఫణికిరణ్ అప్పటికే కోపంతో ఎర్రగా ఉన్నాడు. జిరాక్స్ షాపు నడుపుతాడు. జట్టు కమిటీలో లేడు గానీ కమిటీ కంటే ఎక్కువ మాట్లాడతాడు.

"ముప్పయ్యారేళ్ల కీపరండీ! అయిదు ఆటల్లో పదకొండు గోల్స్! నెల్సన్ గారంటే నాకూ గౌరవమేనండి. గౌరవం బంతిని ఆపుద్దా?"

"కొత్త చొక్కాలు తేడా కొట్టాయండి," అన్నాడు ఇంకెవరో. "ఆ పచ్చరంగేంటండీ, గడ్డిలో కలిసిపోతన్నారు. ఒకడికొకడు కనపడక పాసులివ్వట్లేదు."

"నా పునుగులు తిని దిగితే అలా ఉండేవోరా?" అంది పాపమ్మ, చట్నీ గిన్నె జరుపుతూ.

"నీ పునుగులు తిన్నాకేగా అక్కా, పరిగెత్తలేకపోతన్నారు!"

"అయితే ఆ చెయ్యి వెనక్కి తియ్యి."

నవ్వులయ్యాక ఫణికిరణ్ నా వైపు తిరిగాడు. జేబులోంచి తెల్ల కాగితం తీశాడు. "మాస్టారూ, మీ చేతిరాత బాగుంటుంది. రాయండి. కోచ్ క్రాంతి కుమార్ గారికి అభిమానుల విన్నపం. సెమీస్‌లో నెల్సన్ గారి బదులు కాలేజీ కుర్రాణ్ణి కీపరుగా దింపమని. అందరం సంతకాలు పెడతాం."

నెల్సన్ పెదవేగిలో పామాయిల్ తోటల్లో ట్రాక్టరు నడుపుతాడు. పొద్దుటినుంచీ గెలలు మోసి, సాయంత్రం బస్సెక్కి ప్రాక్టీసుకొస్తాడు. ఇది తన ఆఖరి సీజనని ముందే చెప్పాడు. అతనప్పుడు మాకు ఇరవై గజాల దూరంలో పంపు దగ్గర మోకాలికి అంటిన మట్టి కడుక్కుంటున్నాడు. మాటలు వినిపిస్తున్నాయని అతని వీపు చూస్తే తెలుస్తోంది. నేను పెన్ను మూత తీశాను. వద్దనడానికి నాకు ఎప్పుడూ కొంచెం టైము పడుతుంది.

ఆ తెల్ల కాగితం మీద ఒక గళ్ల కాగితాల కట్ట పడింది.

"రాసే ముందు ఇవి చూడండి సార్," అన్నారు షంషుద్దీన్ గారు.

అయిదు కాగితాలూ బండి చెక్క మీద వరసగా పరిచారు. పదకొండు ఎర్ర గడుల్లో తొమ్మిది ఒకే వైపున్నాయి. మన ఎడమ వైపు, గీత పక్కన.

"ఇది కీపరు తప్పా? తలుపు తీసి పెట్టి, దొంగొచ్చాడని కాపలావాణ్ణి కొడతారా?"

"మరి మొదట్లో అదే తలుపు మూసుంది కదండీ?" అన్నాడు ఫణికిరణ్.

"మరే. ఎప్పుడు తెరిచారో అదే చూడాలి. తివాచీ ఇవాళ వంకరగా కనపడిందంటే తప్పు ఇవాళ్టి వరసలో ఉండదు బాబూ. పది వరసల కింద ఉంటది." కట్ట అడుగునుంచి ఇంకో కాగితం లాగారు. దాని మీద ఒక్క ఎర్ర గడి కూడా లేదు. "ఇదిగో. ఇక్కడ."

అందరం వంగి చూశాం. కలిదిండి మీద నాలుగు సున్నాతో గెలిచిన తొమ్మిదో మ్యాచ్. ఆ సీజనంతటికీ మాకు పండగలాంటి రోజు.

"గెలిచిన ఆటలో తప్పేంటండీ భాయి గారూ!" ఫణికిరణ్ నిజంగానే అదిరిపోయాడు.

"ఆ రోజు వాళ్ల ఊళ్లో చెరువుల్లో చేపలు పట్టే రోజు. తొమ్మిది మందే వచ్చారు. అవతల జనం లేరు కదాని వెనక కాపలా ఉండాల్సిన మన ఎడమ బ్యాకు ముందుకెళ్లాడు. రెండు గోల్స్ కొట్టాడు. మీరంతా భుజాల మీదెక్కించుకున్నారు. అప్పట్నుంచీ వాడు వెనక్కి రావట్లేదు."

ఆ ఎడమ బ్యాకు అయాజ్. షంషుద్దీన్ గారి సొంత చెల్లెలి కొడుకు. ఏసీలు బాగుచేస్తాడు. ఆ రెండు గోల్స్ తర్వాత ఊళ్లో వాడి ఫోటోతో ఫ్లెక్సీ కట్టిందీ ఫణికిరణే.

"నెల్సన్ గారిని కాపాడ్డానికి మేనల్లుణ్ణి బలి ఇస్తారా?"

"ఎవరినీ బలివ్వక్కర్లేదు. నెల్సన్ గోల్లో ఉండాలి, అయాజ్ గీత దగ్గర ఉండాలి. ఎవరి చోటు వాళ్లది."

"ఓడిపోతేనో?"

"ఓడిపోం."

"అలా కాదండి. మాటివ్వండి. మేమూ సంతకాలు మానేస్తాం."

షంషుద్దీన్ గారు కాగితాలు ఒక్కొక్కటే తీసి కట్ట కట్టారు. "సెమీస్ గెలవకపోతే ఇంక ఆ గోలు వెనక కూర్చోను. సరేనా?"

నేను తలెత్తి చూశాను. ఆయనకు సినిమాలు లేవు, టీ కొట్టు కబుర్లు లేవు. మగ్గం పక్కన ఇల్లు, ఇంటి పక్కన మగ్గం. వారానికి ఆ రెండు గంటలే ఆయన బయటి ప్రపంచం. దాన్ని తీసి బండి చెక్క మీద పెట్టేశారు. నేను పెన్ను మూత పెట్టాను. ఆ సాయంత్రం నేను చేసిన పని అదొక్కటే.

మర్నాడు షంషుద్దీన్ గారింటికి వెళ్లేసరికి అయాజ్ వాకిట్లోనే అరుస్తున్నాడు.

"ఊరందరి ముందూ నా పేరు చెడగొడతావా మామూ? బయటివాడైతే కొట్టేవాణ్ణి!"

"బయటివాడైతే నీకు చెప్పడు, నవ్వుకుంటాడు," అన్నారు లోపలినుంచి ఆయన భార్య నజ్నీన్ గారు. "చెప్పులు విడిచి లోపలికి రా. ముందు నీళ్లు తాగు."

షంషుద్దీన్ గారు మగ్గం ముందునుంచి లేవలేదు. మగ్గం మీద సగం నేసిన తివాచీ ఉంది. లోపలికొచ్చిన అయాజ్ చెయ్యి పట్టుకుని దాని పక్క అంచు మీద పెట్టారు. "కిందనుంచి పైకి తడుముకుంటూ రా."

వాడు విసుగ్గానే తడిమాడు. ఒకచోట వేలు ఆగింది. అక్కడినుంచి తివాచీ పిసరంత సన్నబడింది.

"అడ్డనూలు గట్టిగా లాగేశాను. అంచున ఉండాల్సిన దారం లోపలికి జరిగిపోయింది. అది మధ్యలోకి వస్తే మధ్యలో పువ్వు పెద్దదవదురా. తివాచీ చిన్నదవుద్ది. చూసేవాళ్లంతా పువ్వునే చూస్తారు, నిజమే. కానీ అంచు లేకపోతే పువ్వు ఎక్కడుంటది?"

"నేను అంచునా?"

"ఆ."

"ఫ్లెక్సీలో పువ్వన్నారు."

"ఫ్లెక్సీ వానకి పోయింది," అన్నారు నజ్నీన్ గారు గ్లాసు అందిస్తూ. వాడికి నవ్వు ఆగలేదు. నీళ్లు పొలమారాయి.

కోచ్ క్రాంతి కుమార్ ఏమనుకున్నాడో, ఆ గళ్ల కాగితాలు అతనిదాకా ఎవరు మోశారో నాకు తెలియదు. సెమీస్ రోజు జాబితాలో కీపరు నెల్సన్, ఎడమ బ్యాకు అయాజ్.

పాసింజరులో గూడెం వెళ్లాం. అక్కడి జనం మా తివాచీని చూసి, "ఏవండీ, పెళ్లికొచ్చారా, ఆటకొచ్చారా?" అని వేళాకోళమాడారు. "పెళ్లేనండి. మీ వాళ్లకి అప్పగింతలు," అన్నారు షంషుద్దీన్ గారు, పరుస్తూనే.

ఆట మొదలైన పది నిమిషాలకే అయాజ్ మధ్య గీత దాటేశాడు. వెనక ఎడమ వైపంతా ఖాళీ. షంషుద్దీన్ గారు రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచారు.

"అంచూ!"

అయాజ్ ఆగి, వెనక్కి తిరిగి పరుగెత్తాడు. బంతి వచ్చే వేళకు తన గీత దగ్గరున్నాడు. ఇంకోసారి దాటాడు. "అంచూ!" ఈసారి గోల్లోంచి నెల్సన్ కూడా అందుకున్నాడు. రెండో సగానికి మావాళ్లందరూ అదే కేక. ఫణికిరణ్ గొంతు అందరికంటే పైన. గూడెం వాళ్లకు ఆ మాటేంటో అంతు చిక్కలేదు. ఎవర్నో అంజిగాడని పిలుస్తున్నారనుకున్నారట.

తొంభై నిమిషాలూ అయిపోయాయి. సున్నా, సున్నా. ఆరు ఆటల్లో మొదటిసారి మా కాగితం మీద ఎర్ర గడి లేదు.

పెనాల్టీలు. నెల్సన్ ఒకటి ఆపాడు. ట్రాక్టరు స్టీరింగు తిప్పిన ఆ పెద్ద చెయ్యి ఎడమకు సాగినప్పుడు షంషుద్దీన్ గారు నా మణికట్టు పట్టుకున్నారు. కానీ మావాళ్లలో ఒకడు ఆకాశంలోకి కొట్టాడు. గూడెం నాలుగు, మేం మూడు. ఆఖరి బంతి అయాజ్‌ది. అడ్డకర్రకు తగిలి బయటికొచ్చేసింది. ఆ చప్పుడు ఇప్పటికీ నాకు వినపడుతుంది.

అయాజ్ అక్కడే కూలబడ్డాడు. మొదట వెళ్లి వాణ్ణి లేపింది నెల్సనే.

తిరుగు రైలులో ఫణికిరణ్ మా సీటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "భాయి గారూ, మీ లెక్క తప్పు కాదండి. ఆటలో గోలు పడలేదు. ఆ మాటేదో నేను సరదాకన్నాను. మర్చిపోండి."

"నేను సరదాకనలేదు," అన్నారు షంషుద్దీన్ గారు కిటికీలోకి చూస్తూ.

ఆపైన ఏడు నెలలు ఆట లేదు. నేను రెండు మూడుసార్లు వాళ్లింటికి వెళ్లినా ఆ ప్రస్తావన తేలేదు. కొత్త సీజన్ మొదటి ఆదివారం ఒక్కణ్ణే గ్రౌండుకి వెళ్లాను. గోల్లో కాలేజీ కుర్రాడు. నెల్సన్ ఇప్పుడు వాడికి నేర్పే పనిలో ఉన్నాడు. గోలు వెనక నాలుగడుగుల ఖాళీ నేల. ఎవరూ అక్కడ నిలబడలేదు, ఎవరూ కూర్చోలేదు. నేను కూడా పక్కకు జరిగి పుస్తకం తెరిచాను.

విజిల్ పడడానికి ముందు గేట్లోంచి షంషుద్దీన్ గారు వచ్చారు. చంకలో తివాచీ. నేరుగా వచ్చి వల వెనక నిలబడ్డారు.

పాపమ్మ బండి దగ్గరినుంచి ఫణికిరణ్ గబగబా వచ్చాడు. అతని మొహంలో సంతోషమే ఎక్కువ కనపడింది గానీ నోరు ఊరుకోదు కదా. "ఏంటండీ భాయి గారూ, మాట తప్పారు?"

"ఏం మాట?"

"ఈ గోలు వెనక కూర్చోనన్నారుగా?"

"కూర్చోనన్నాను. నిలబడనన్నానా?"

అతను పరుగున వెళ్లి పాపమ్మ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. "మోకాళ్లండీ! డాక్టరు వద్దన్నాడుగా. మాట వెనక్కి తీసేసుకోండి, నా తలమీదొట్టు."

"నా మాట నా ఇష్టం. వెనక్కెందుకు తీసుకుంటాను?" ఆయన తివాచీ విప్పి పరిచారు, అయిదు రేకుల పువ్వు ఒకవైపు, ఆరు రేకులది ఒకవైపు. "మీరు కూర్చోండి. పోయినేడు నెల్సన్ మీద కాగితం రాయించబోయారు కదా. మీకిదే శిక్ష. ఇక్కణ్నుంచి చూస్తే కీపరుకి ఏం కనపడుద్దో తెలుస్తది."

ఫణికిరణ్ చెప్పులు విడిచి కూర్చున్నాడు. నేను నా పాత చోట కూర్చున్నాను. పావుగంట దాటింది. అరగంట దాటింది. షంషుద్దీన్ గారు గోలు స్తంభానికి కట్టిన వల తాడు ఒక చేత్తో పట్టుకుని, ఒక కాలి బరువు ఇంకో కాలి మీదకు మార్చుకుంటూ నిలబడే ఉన్నారు. నుదుటిమీద చెమట. నేను లేవబోతే కళ్లతోనే వద్దన్నారు.

అవతల అయాజ్ బంతి తీసుకుని మధ్య గీత వైపు బయల్దేరాడు. ఆయన తాడు వదిలేసి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నారు. ఈలోగా నా పక్కనుంచి, తివాచీ మీదనుంచి, ఫణికిరణ్ గొంతు చించుకున్నాడు.

"అంచూ!"

షంషుద్దీన్ గారు చేతులు దించి మళ్లీ తాడు పట్టుకున్నారు.