పెనుకొండ కింద లేని పొర

ధర్మవరంలో మా వీధిలో ఎవరిని అడిగినా ఒకటే కథ చెబుతారు. నేను నాయన మగ్గం పక్కన కూర్చుని, పడుగూ పేకా కలవడం చూసి, భూమి లోపల అదురు ఎలా నడుస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే విద్య పట్టేశానట. వినడానికి బాగానే ఉంటుంది. అబద్ధం. మగ్గం నాకు నేర్పినదానికన్నా చేసిన చేటే ఎక్కువ. ఆ ముక్క ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్పాలి.

తొంభైల చివర్లో హిందూపురంలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ, మరోపక్క పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పని చెప్పడానికి తేలికే. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే రైలు దారి కింద భూమిని కత్తితో నిలువుగా కోశామనుకోండి. ఆ కోతను గ్రాఫు కాగితంలా చిన్న చిన్న గళ్లు చేయాలి. ఒక గడి, దాని చుట్టూ ఉన్న గళ్లు ఈ క్షణంలో ఎంత కదిలాయో తెలిస్తే, మరుక్షణం ఆ గడి ఎంత కదులుతుందో లెక్కగట్టవచ్చు. అలా అన్ని గళ్లకూ క్షణం వెంట క్షణం లెక్క వేసుకుంటూ పోతే తెర మీద అల నడుస్తుంది.

పెనుకొండ దగ్గర క్వారీలో బండలు పేల్చినప్పుడు పుట్టిన అదురును హిందూపురం శివార్లలో ఒక పరికరం పెట్టి కాగితం మీద గీతగా పట్టాను. ఆ గీతలో పెద్ద అదురు అణిగాక, చివర్లో ఒక చిన్న వంపు. మా గైడు దాన్ని చూడగానే లోతులో ఏదో పొర ఉండి ఉంటుందన్నాడు. ఆయన చెప్పినచోట పొర పెట్టి లెక్క వేస్తే, కంప్యూటర్ వేసిన నా గీతలోనూ సరిగ్గా అక్కడే వంపు వచ్చింది. ఆయన ఆనందానికి హద్దు లేదు. పొర ఉన్నప్పుడు ఒక బొమ్మ, లేనప్పుడు ఒక బొమ్మ పక్కపక్కన వేస్తే థీసిస్‌కు అందమని, పొర తీసేసి మళ్లీ లెక్క వేశాను. పొర పోయింది. వంపు పోలేదు.

"సార్, పొర తీసేసినా వంపు వస్తోంది."

"అయితే తీయకు."

"సార్!"

"గడువు దగ్గరపడిందమ్మా. ఆ అధ్యాయం పోతే నీకు మిగిలేది ముందుమాటా, కృతజ్ఞతలూ. వాటికి పట్టా ఇవ్వరు."

"లేని పొరను ఉందని రాస్తే ఇచ్చే పట్టా నాకొద్దు సార్."

"నీకు నోరెక్కువ" అన్నాడు. అది నాకు కొత్త విషయం కాదు.

అనుమానం నాకు ఒకచోటే ఉంది. భూమికి పక్కలు లేవు గానీ కంప్యూటర్‌లో నేను గీసుకున్న పెట్టెకు ఉన్నాయి. అల ఆ పక్కకు తగిలి, తొట్టిలో నీళ్లలా వెనక్కి వస్తుంది. అలా రాకూడదనే పక్కల్లో కొన్ని వరుసల గళ్లను అలను మింగేసేలా ఏర్పాటు చేశాను. అవి సరిగ్గా మింగుతున్నాయా? పెట్టెను పెద్దది చేసి చూస్తే తెలిసిపోతుంది. కానీ డిపార్ట్‌మెంట్ కంప్యూటర్‌కు అంత పెట్టె పట్టదు. హిందూపురంలో పిల్లలకు టైపింగూ అవీ నేర్పే కంప్యూటర్ సెంటర్‌లో కొత్త మెషీన్లు వచ్చాయి. ఆదివారాలు ఒకటి ఇమ్మని సెంటరాయన వెంటపడ్డాను.

"ఏం మేడం, మీ భూకంపం ఇంగా అయిపోలేదా? రేపు పిల్లోళ్లు వస్తారు."

"అయిపోతే నీకే ముందు చెప్తాలేప్పా. కరెంటు పోకుండా చూడు చాలు."

"కరెంటు నా చేతిలో ఉండాదా మేడం? ఉంటే నేను ఈడెందుకుంటా?"

కరెంటు పోయేది. సగం నడిచిన అల గాలికి పోయేది. నేనూ మొండిదాన్నే. ఎక్కడిదాకా నడిచిందో నడుమనడుమ ఫ్లాపీలోకి దించుకుని, పోయినచోటి నుంచే మళ్లీ నడిపాను. చివరికి పొర లేకుండా పెద్ద పెట్టె లెక్క పూర్తయింది. వంపు వచ్చింది, కానీ ఆలస్యంగా. భూమిలో ఉన్న పొర నేను పెట్టె పెంచానని దూరం జరగదు. ఆ వంపు నా పెట్టె పక్క నుంచి వచ్చిందే.

ఇక మగ్గం చేసిన చేటు. నాయన నేసే చీరల్లో ఒంటి రంగు వేరు, అంచు రంగు వేరు. "అంచనేది వీధి ఆ కొస నుంచి చూసినా కనపడాల. యాడ మొదలయిందో తెలీకుంటే అది అంచు గాదు, మరక" అనేవాడు. అంచు రంగు ఒంట్లోకి కారిన చీరను మడత కూడా విప్పనిచ్చేవాడు కాదు. అది వింటూ పెరిగినదాన్ని, మింగే వరుసలనూ అలాగే పెట్టాను. ఈ గడి దాకా మింగడమే లేదు, పక్క గడి నుంచి పూర్తి బలం. తేటగా, అందంగా. అలకు ఆ ఉన్నట్టుండి వచ్చిన మార్పే గోడ. అక్కడికి రాగానే కొంత వెనక్కి తిరిగిపోతుంది. మింగడం పలచగా మొదలై, లోపలికి పోయేకొద్దీ చిక్కబడాలి. అచ్చం రంగు కారినట్టు.

అలా మార్చాక నా గీతలో వంపు మాయమైంది, పొర ఉన్నా లేకపోయినా. గైడు చెప్పిన పొర నుంచి తిరిగొచ్చేది కంటికి ఆననంత చిన్నది. ఆ వారమే ధర్మవరం పోయి నాయనకు చెప్పాను.

"ఏందిమ్మా, రంగు కార్చినందుకు పట్టా ఇస్తారా ఆడ?"

"ఇస్తారు నాయనా. నీ మాదిరి అంచేసినందుకే ఇన్నాళ్లూ ఇయ్యలేదు."

"అయితే నా మగ్గం వల్లనే గదా తెలిసింది!" అని చెప్పుల్లో కాళ్లు పెట్టి వీధిలోకి పోయాడు. కథ పుట్టింది అక్కడే.

గడువు పెంచమని నేను పెట్టిన అర్జీని గైడు రెండు వారాలు బల్ల మీదే ఉంచుకున్నాడు. తర్వాత దాని మీద సంతకం చేశాడు, తల ఎత్తకుండా. ఆ అధ్యాయంలో పొర ఉందనడానికి నా దగ్గర ఆధారం లేదని రాశాను. పట్టా వచ్చింది.

కానీ మాయమైంది నా లెక్కలోని వంపే. పరికరం గీసిన గీతలో అది అలాగే ఉంది. పొరను ఎక్కడెక్కడ పెట్టి చూసినా, ఎంత లోతుకు దించినా నా లెక్క దానితో కలవలేదు. క్వారీ మూతపడింది, గుంతలో నీళ్లు నిలిచాయి. మళ్లీ పేల్చి చూద్దామంటే కుదరదు. ఇప్పటికీ రైలు పెనుకొండ దాటుతుంటే కిటికీలోంచి ఆ నేలతో పోట్లాడుతూనే ఉంటాను. నా గీతలో వంపు నా పెట్టె పక్క నుంచి వచ్చింది, ఒప్పుకున్నాను. పక్కలే లేని భూమిలో, పరికరం పట్టిన ఆ వంపు దేనికి తగిలి వెనక్కి వచ్చింది?