దండ వేసిన తెర

మాదాపూర్‌లో మా ఆఫీసు చుట్టూ అప్పట్లో బండలు పేలుస్తుండేవారు. పేలినప్పుడల్లా కిటికీలు వణికేవి, మా మేనేజరు మాత్రం చలించేవాడు కాదు. జీడిమెట్లలోని ఒక రసాయనాల ఫ్యాక్టరీకి మేం రాసిన సాఫ్ట్‌వేర్ రెండు ముక్కలుగా ఉండేది. రసాయనాలు మరిగే రియాక్టర్ వేడిని కొలిచే ప్రోగ్రాం వెనక షెడ్డులోని పాత కంప్యూటర్లో, ఆ అంకెను తెర మీద చూపించేది ముందు గదిలోని కొత్తదాంట్లో. వెనకది పలకకపోతే తెర ఖాళీగా ఉంచాలని నేను మొత్తుకున్నాను.

"ఖాళీ తెర చూస్తే క్లయింటు కంగారుపడతారండీ. చివరిసారి వచ్చిన అంకె చూపిద్దాం," అన్నాడు మేనేజరు. అదే ఖాయమైంది. నాకు ఒళ్లు మండింది.

దసరాకు ఫ్యాక్టరీలో ఆయుధపూజ. యంత్రాలన్నీ ఆపి, కడిగి, బొట్లు పెట్టారు. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు దగ్గరుండమని నన్ను పంపారు. బంతిపూల దండ తెరకు పడింది. వెనక షెడ్డుకు తాళం వేసి ఉంది.

"ముందు షెడ్డులోది ఆన్ చేయాలండీ," అన్నాను యజమానితో.

"ముహూర్తం దాటిపోతోంది బాబూ. అది తర్వాత చూసుకోవచ్చు," అంటూ ఆయన తెర మీట నొక్కాడు.

పూజకు ముందరి అంకె వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తాళంచెవి కోసం ప్రసాదం పంచే వాళ్ల మధ్య వెతుక్కుంటున్నాను. తిరిగొచ్చేసరికి ఆపరేటర్ రియాక్టర్‌లోకి సరుకు ఎక్కించి, దాన్ని వేడెక్కించే ఆవిరి వదిలేశాడు. వేడి పెరగాలి. తెర మీద అంకె మాత్రం కదలలేదు. అది పూజకు ముందరి అంకే.

"బయటికి రా అన్నా," అని అరిచాను.

"ఏమైంది సార్, గిట్ల పరేషాన్ అయితున్నరు?" అని నవ్వుతూ నా వైపు వచ్చాడు. వెనక రియాక్టర్ మూత అతుకు తెగింది. అతని కుడి చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది.

ప్రోగ్రాం మార్చాలని మేనేజరు వెంటపడ్డాను. రెండువేల సంవత్సరానికి కంప్యూటర్లలో తేదీలు సరిచేసే పని ఒడ్డెక్కాక చూద్దామన్నాడు. ఆ పని అప్పట్లో అందరి మెడ మీదా ఉండేది.

ఆపరేటర్ దవాఖాన నుంచి పనికి వచ్చిన రోజు నేనూ ఫ్యాక్టరీకి వెళ్లాను. అతను ఎడమచేత్తో తెరకు దండ వేశాడు. "అమ్మోరే కాపాడింది సార్. పూజ జేసినంక మొదట ఎలిగింది గిదే కదా."

"అది చూపింది పాత అంకె అన్నా. దాన్ని నమ్మబట్టే నీ చెయ్యి కాలింది."

"గా రోజుది గా రోజే పాయె. ఇగ ఏం కాదు."

మేం మాట్లాడుతుండగానే కరెంటు పోయింది. జీడిమెట్లలో అది రోజూ ఉండేదే. కాసేపటికి వచ్చింది. షెడ్డులోని ముసలి కంప్యూటర్ ఇంకా లేవనేలేదు, ఎదురుగా తెర వెలిగి కరెంటు పోకముందరి అంకె చూపించింది.

"మంచిగనే ఉంది," అని అతను కట్టు కట్టిన చేత్తో ఆవిరి వాల్వు వైపు నడిచాడు. నేను పరిగెత్తి అడ్డంగా నిలబడ్డాను. నాకు భయం వేసింది, ఆ ఒక్క పూటకు కాదు. మర్నాడూ కరెంటు పోతుంది, నేను మాదాపూర్‌లో ఉంటాను.