బంకక్క పంతం

హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రి పక్కబట్టలు ఉతికే ఆ పెద్ద లాండ్రీలో ఆమెను అసలు పేరుతో ఎవరూ పిలవరు. అందరికీ బంకక్కే. ఆ పేరు పెట్టింది సూపర్‌వైజరు, అదీ తిట్టుగా. ఎంత విదిలించినా బంకలా పట్టుకుని వదలడం లేదని అతని బాధ.

అంతకుముందు ఆమె అక్క అదే లాండ్రీలో పనిచేసింది. అక్కడ రిటైర్మెంటు కోసమని ఒక పొదుపు పథకం ఉంది. నెలనెలా జీతంలోంచి కొంత పట్టుకుంటారు, కంపెనీ కూడా అంతే కలుపుతుంది. ఐదేళ్ళు నిండగానే కంపెనీ వాటాని చెక్కుగా పనిచేసినవాళ్ళ చేతికే ఇచ్చేస్తారు. ఈలోగా కంపెనీయే తీసేసినా ఆ వాటా ఇచ్చి తీరాలి. తమంతట తాము మానేసినవాళ్ళకి మాత్రం అది దక్కదు. అందుకే యజమాని ఎవరినీ తీసేయడు. ఐదో ఏడు వచ్చేసరికి వాళ్ళే విసిగి వెళ్ళిపోయేలా చూడమని సూపర్‌వైజరుకి అప్పగించాడు.

అక్కకి మోకాళ్ళ నొప్పులు. ఆ సంగతి తెలిసే, మడత బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుని పనిచేసుకునే మనిషిని తడిబట్టల బండ్లు తోయమన్నాడు. "నీ మంచికే చెబుతున్నానమ్మా. ఇంటిపట్టున హాయిగా ఉండక ఎందుకీ పాట్లు?" అని రోజూ తియ్యగా అనేవాడు. ఒకరోజు ఆమె బండి తోస్తూ తోస్తూ కూలబడింది. లేచి, ఏప్రన్ విప్పి అతని బల్ల మీద పడేసి వచ్చేసింది. కంపెనీ వాటా చేతికొస్తే మోకాలికి ఆపరేషన్ చేయించుకుందామనుకుంది. ఆ ఆశ కాస్తా అక్కడితో సరి.

చెల్లెలు అప్పట్లో ఒక బడిలో ఆయా. అక్క గోడ పట్టుకుని వంటింట్లోకి నడవడం చూసిన వారంలోనే ఆ పని మానేసి లాండ్రీలో చేరింది. ఫలానా ఆవిడ చెల్లెలినని ఎవరికీ చెప్పలేదు.

"నీకేమైనా పిచ్చా? తెలిసి తెలిసి ఆ నరకంలోకి వెళ్తావా?" అని అక్క కేకలేసింది.

"పిచ్చే అక్కా. వాడి అంతు చూస్తే గానీ దిగదు."

నాలుగేళ్ళు సాఫీగా గడిచాయి. ఐదో ఏడు మొదలవగానే సూపర్‌వైజరు ఆమెను సాధించడం మొదలుపెట్టాడు. బ్లీచింగు తొట్ల దగ్గరికి మార్చాడు. వేళ్ళు పగిలి నెత్తురొచ్చేది. వారానికో షిఫ్టు వేసేవాడు. ఒకసారి హోటలువాళ్ళ తువ్వాలు దాచావంటూ అందరి ముందూ ఆమె సంచి బోర్లించాడు. దువ్వెన, తాళంచెవులు, అక్క కోసం కొన్న నొప్పుల మందు కింద పడ్డాయి. తువ్వాలు లేదు.

ఆమె ఒక్కొక్కటే ఏరుకుంది. "ఇంకేమైనా వెతకాలా సార్?"

"సిగ్గనిపించడం లేదా నీకు? ఇంకొకరైతే ఈపాటికి మానేసేవాళ్ళు."

"నాకిక్కడ బాగుంది సార్."

పైకి అంత నిబ్బరంగా ఉన్నా లోపల ఉడికిపోయేది. చేత్తో పిండాల్సిన బట్ట ఏది దొరికినా అతని మెడే అనుకుని పిండేది.

తానొక్కతే తట్టుకుంటే ఆ కసి తీరదని త్వరలోనే అర్థమైంది. బట్టలు మార్చుకునే గదిలో ఎవరైనా ఏడుస్తూ కనిపిస్తే పక్కన కూర్చునేది. "ఏడుపు ఇంటికెళ్ళి ఏడువు. నువ్వు మానేస్తే వాడు పండగ చేసుకుంటాడు. చేసుకోనిస్తావా?" అనేది. ఆ ఏడాది ఒక్కరు కూడా మానలేదు. గడువు నిండినవాళ్ళందరికీ వాటాలు ఇవ్వాల్సి వచ్చేసరికి యజమానికి ఒళ్ళు మండింది. ఆ మంటంతా సూపర్‌వైజరు మీద చూపించాడు. ఆఫీసు గది లాగేసుకుని, ఆసుపత్రి నుంచి వచ్చే మురికి బట్టలు లెక్కపెట్టే చోట నిలబెట్టాడు. సూపర్‌వైజర్లకి గడువు పదేళ్ళు. అతనికి అది నిండటానికి ఇంకా కొన్ని నెలలున్నాయి.

ఒక మధ్యాహ్నం అతను వచ్చి ఇస్త్రీ యంత్రం పక్కన నిలబడ్డాడు. మనిషి వాడిపోయి ఉన్నాడు.

"ఏమనుకోకపోతే ఒకటి అడుగుతాను. ఇదంతా ఎలా తట్టుకున్నావమ్మా?"

జవాబు ఆమెకు తెలుసు. రేపు ఒక్కరోజు వెళ్దాం అనుకుంటూ రోజూ వెళ్ళడమే. మిగతా ఆడవాళ్ళందరికీ అదే చెప్పింది. అతనికి చెప్పలేదు.

"మాకైతే వేరే గతిలేదు. మీకేం ఖర్మ సార్? మీ అనుభవానికి ఎవరైనా కళ్ళకద్దుకుని తీసుకుంటారు. ఇక్కడ మాటలు పడటం ఎందుకు? నేనైతే ఈ ఉద్యోగం ఆయన మొహాన కొట్టి పోతాను."

ఆ మాట అతని రోషానికి సరిగ్గా తగిలింది. పోయే వాటా సంగతి కూడా ఆలోచించకుండా మర్నాడే రాజీనామా ఇచ్చి, ఛాతీ విరుచుకుని బయటికొచ్చాడు. గేటు దగ్గర బంకక్క నిలబడి ఉంది.

"సార్, బండి తోస్తూ పడిపోయిన మోకాళ్ళ నొప్పులావిడ గుర్తుందా? ఆవిడ మా అక్క."

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక గబుక్కున ఆఫీసు వైపు తిరిగాడు. యజమాని అప్పటికే సంతకం పెట్టేశాడు.

సాయంత్రం ఇదంతా చెబితే అక్క నవ్వలేదు. "వాడికీ పిల్లలున్నారు కదే," అంది.

"ఉన్నారు. నీకు మోకాళ్ళు లేవా?"

అక్క గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచింది.

తర్వాత బంకక్క వాటా చేతికొచ్చింది. అక్కకి ఆపరేషన్ అయింది. ఇక ఆ పని మానెయ్యమని అక్క పోరుపెడుతూనే ఉంది. "అప్పుడేనా? అసలు దోషి యజమాని కదా, వాడింకా మిగిలే ఉన్నాడు," అంటుంది ఈమె. కొత్తగా చేరిన ప్రతి మనిషినీ మొదటిరోజే పక్కన కూర్చోబెట్టుకుని, దుప్పట్లు మడతపెడుతూ ఐదేళ్ళ సంగతి పూసగుచ్చినట్టు చెబుతుంది. ఇప్పుడు గడువు నిండకుండా ఎవరూ మానడం లేదు. వాటాల చెక్కుల మీద సంతకాలు పెట్టే రోజున యజమానికి అన్నం సహించదని ఆఫీసు గుమాస్తా చెబుతాడు. ఆ రోజు బంకక్క మాత్రం మెతుకు మిగల్చకుండా తింటుంది.