భుజాలు పట్టే మనిషి ఉందన్నాను

ఒక సోమవారం పొద్దున, నాచారంలోని నా గదిలో నల్లా కట్టేద్దామని పక్కకు తిరిగితే మెడ తిరగలేదు. దిండు తేడా అయి ఉంటుంది అనుకున్నాను. నేను మల్లాపూర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో ఫిట్టర్‌ని. ఇరవై ఏళ్లుగా తల వంచి చేసే పనే. భార్య పోయి మూడేళ్లయింది, పిల్లలు లేరు.

మెడనొప్పికి నాకు తెలిసిన వైద్యం ఒకటే. ఆదివారం సెలూన్‌లో గడ్డం చేయించుకున్నాక మెడ మెటికలు విరిపించుకోవడం. "జర ఢీలా ఇడువే అన్నా" అంటూ సెలూన్ యాదగిరి నా తల పట్టుకుని ఇటు టక్, అటు టక్‌మనిపించేవాడు. నిజం చెప్పాలంటే వారం మొత్తంలో నన్ను ముట్టుకునే చేతులు అవే. అందుకే నొప్పి తగ్గకపోయినా వెళ్లాను. మూడో వారానికి కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కాయి. పనిలో స్పానర్ జారి కాలి పక్కన పడింది. చేయి పడిపోతే నా బతుకేంటని భయం పట్టుకుంది.

ఉప్పల్‌లో డాక్టరు ఎక్స్‌రే చూశారు. "సర్వైకల్ స్పాండిలోసిస్. మెడ ఎముకలు అరిగినయ్, నర్వ్ మీద ప్రెషర్ పడుతున్నది. మెటికలు ఇరిపిచ్చుడు ఇగ బంద్" అని ఫిజియోథెరపీకి రాశారు. అక్కడి అమ్మాయి తల వంచకుండా గడ్డాన్ని తిన్నగా వెనక్కి లాక్కునే ఎక్సర్‌సైజ్ నేర్పింది. చేస్తుంటే నా భుజాలు పైకి లేస్తున్నాయి, అవి లేవకూడదట.

"అంకుల్, ఇంట్ల ఎనక నిలబడి భుజాలు పట్టేటోళ్లు ఉన్నరా?"

"మా ఇంటామె ఉన్నది" అన్నాను. అక్కడ అందరి పక్కనా ఇంటి మనిషి ఒకరు కూర్చుని ఉన్నారు. లేదనడానికి సిగ్గేసింది.

గదిలో ఒక్కడినే చేస్తే భుజాలు చెవులదాకా వచ్చేవి, నొప్పి ఎక్కువయ్యేది. రెండు రోజులకే మానేశాను. పదిహేను రోజుల తర్వాత మళ్లీ వెళ్లి చూపించుకుంటే చేతి పట్టు ఇంకా తగ్గింది. ఆ అమ్మాయికి కోపమొచ్చింది.

"ఆంటీని ఒక్కసారి తోల్కరాండ్రి. నేనే చెప్త."

"ఆమె పోయి మూడేండ్లాయె బిడ్డా."

ఆ అమ్మాయి నన్ను గోడ దగ్గర నిలబెట్టింది. "ముందే చెప్పొద్దా అంకుల్? వీపు, భుజాలు గిట్ల గోడకు ఆనిచ్చి చెయ్యిండ్రి. ఎవ్వరూ అవసరం లేదు."

ఇప్పుడు రోజూ మూడు పూటలా గోడకు ఆనుకుని చేస్తాను. వేడినీళ్లలో పిండిన తువాలు కాసేపు మెడకు వేసుకుంటాను. తిమ్మిరి పోయింది, పనికి వెళ్తున్నాను. గదిలో మాట్లాడే మనిషి లేని లోటు మాత్రం అలాగే ఉంది.

ఒక్క మాట. ఇంట్లో మీకు ఎవరూ లేకపోతే, లేరని మొదటిరోజే చెప్పేయండి. ఆ మాట నోట రాక నేను చేయి పోగొట్టుకోబోయాను.