ఫోటోలో లేని అంబలి

అరవైల చివర్లో ఒక చలికాలపు ఉదయం. గుంటూరువాణ్ణి, పనిమీద విజయనగరం నుంచి బొబ్బిలికి ప్యాసింజరులో వెళుతున్నాను. బయట మంచు ఎంత దట్టంగా ఉందంటే, రైలు నడుస్తోందో, పొలాలే వెనక్కి తేలిపోతున్నాయో తెలియడం లేదు. ముందురోజు పత్రిక విప్పాను. మొదటి పేజీలో పెద్ద ఫోటో. వియత్నాం యుద్ధం వద్దంటూ అమెరికాలో రోడ్డు నిండా జనం.

ఒళ్లో చోడంబలి కుండతో — మావైపు రాగంబలి అంటాం — ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ముందుకు వంగింది.

"ఈలందరూ ఏటి సేస్తన్నారు బాబూ?"

చెప్పాను.

"మా పెద్దోడూ మిలట్రీలోనే ఉన్నాడు" అంటూ ఫోటోని వేలితో మెల్లగా తడిమింది. "మరి ఇంతమందికీ అంబలెవులు పోసినారు?"

పేజీ అంతా వెతికాను. జనం ఎంతమందో రాశారు, పోలీసుల గురించి రాశారు, ఉపన్యాసాలు రాశారు. తిండి మాటే లేదు. అదే చెప్పాను.

ఆవిడ ముఖం వాడిపోయింది. "మా జనపనార మిల్లు సమ్మెకి ఇంటికో కుండ గేటుకాడికి మోసినాం. కుండ రాకపోతే మగోళ్లు రెండోరోజే పన్లోకెల్లిపోదురు. ఈలూ ఎల్లిపోతే యుద్ధం ఎలాగాగుతాది బాబూ?"

ఆవిడ గ్లాసు నింపి నాకు అందించింది. రైలు కుదుపుకి అంబలి కాస్త తొణికి ఫోటోలోని జనం మీద పడింది. గాభరాగా కొంగుతో తుడవబోయింది.

"ఉండనీయమ్మా" అన్నాను.