చందోలు దిబ్బ నుంచి బాపట్ల గీటురాయి దాకా

చందోలు చూడాలన్న కోరిక నాకెన్నడూ లేదు. తెనాలిలో పుట్టి, తెనాలి బళ్లోనే పంతులమ్మగా గొంతు చించుకున్నదాన్ని. "వెలనాటి చోడుల రాజధాని చందవోలు" అని పిల్లల చేత ఏటా ఒప్పజెప్పించడమే గానీ, ఆ ఊరు మనకింత దగ్గరలో ఉందన్న సంగతి ఏనాడూ పట్టించుకోలేదు. అలాంటిదాన్ని రెండు వేల ఆరులో, ఆషాఢం ముసురులో, గొడుగేసుకుని బయల్దేరానంటే అది చరిత్ర మీద మోజు కాదు. మా తమ్ముడు ప్రసాదు కోసం.

ప్రసాదుకు తెనాలి బస్టాండు దగ్గర సైకిల్ షాపు ఉండేది. మా మరదలు కామెర్లతో పోయాక మనిషి మనిషిలా లేడు. అప్పుడే ఎవరో వాడి చెవిన వేశారు, చందోలు దిబ్బల్లో వానలకు బంగారం పైకి తేలుతుందని. వెనకటికి ఎవరికో దొరికిందన్న మాట ఆ చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు. వీడు షాపు అమ్మేసి, గునపం ఒకటి పట్టుకుని వెళ్లిపోయాడు. రెండేళ్లుగా ఫోన్లో నేను తిట్టడం, వాడు మధ్యలో పెట్టేయడం, ఇదీ మా మాటామంతీ.

నేను బయల్దేరే ముందు రోజు సాయంత్రం చందోలు నుంచి ఫోనొచ్చింది. వాడు రోజూ తినే కాఫీ హోటలు నడిపే వెంకాయమ్మ గారట. "అమ్మా, మీ తమ్ముడి కాలు కుళ్లిపోతోందండి. గునపం దిగిందంట, అసలే షుగరున్న ఒళ్లాయె. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే గానీ మనిషి దక్కడని మా ఊరి డాక్టరు చెప్పాడు. ఎవరు చెప్పినా దిబ్బ దిగట్లేదండి" అంది. ఈసారి తిట్టడానికి కూడా నోరు రాలేదు.

రేపల్లె పాసింజరు తెనాలిలో ఉదయం ఏడింటికి కదలాలి. ఏడున్నరకి కదిలింది. టికెట్టు ఎంతో రాయను, మీరు వెళ్లేసరికి ఎలాగూ మారిపోతుంది. టిఫిను మాత్రం తెనాలిలోనే కానిచ్చుకోండి, దారిలో పల్లీలు తప్ప ఏమీ రావు. పెట్టెలో తడిసిన గొడుగులు, పాల క్యాన్లు, కాలేజీ పిల్లలు. కిటికీ తలుపులు దించేస్తే ఉక్క, ఎత్తితే జల్లు.

వేమూరులో ఎక్కిన పెద్దాయన నా ఎదురుగా కూచుని గొడుగు దులిపాడు. పంచె మోకాళ్ల దాకా బురద.

"ఎందాకమ్మా?" అన్నాడు.

"చందోలండి."

"లింగోద్భవస్వామి గుడికా?"

"కాదండి. మా తమ్ముడున్నాడక్కడ. తవ్వుతున్నాడు."

ఇంకెవరైనా అయితే నవ్వేవాళ్లు. ఆయన నవ్వలేదు. "మా వేలువిడిచిన మేనమామ కూడా అట్టాగే పోయాడమ్మా. తవ్వేవాడికి రేపు దొరుకుద్దనిపిస్తది. అదే రోగం" అన్నాడు. మధ్యలో భట్టిప్రోలు వచ్చింది. అక్కడి బౌద్ధస్తూపం గురించి నేను క్లాసులో గంటసేపు చెప్పగలను. ఆ రోజు తల తిప్పి చూడబుద్ధి కూడా కాలేదు.

రేపల్లెలో దిగేసరికి తొమ్మిదయింది. స్టేషను బయట టీ తాగి, బస్టాండులో బాపట్ల బస్సెక్కాను. అది చందోలు మీదుగానే పోతుంది, అయినా ఎక్కేముందు కండక్టర్ని ఒక మాట అడగండి. దారి పొడుగునా పొలాల్లో నీళ్లు, గట్ల మీద నారు కట్టలు, నెత్తిన యూరియా సంచులు కప్పుకుని నాట్లేసే ఆడవాళ్లు. నా పక్కన కూచున్నామె చేపల బుట్ట కాళ్ల మధ్య ఇరికించుకుని నిద్రపోయింది. లోకమంతా దాని పనిలో అది ఉంది, నాకొక్కదానికే అరికాళ్లు మండుతున్నాయి.

చందోలులో దిగితే ముందు రాజధాని ఏదీ కనబడదు. ఒక రోడ్డు, నాలుగు కొట్లు, ఎరువుల షాపు, రాజకీయ నాయకుల ఫ్లెక్సీలు. తొమ్మిది వందల ఏళ్ల కిందట ఇక్కణ్ణుంచే వెలనాటి చోడులు కోస్తా అంతా ఏలారు. అప్పటి పేరు ధనదుప్రోలు. ధనదుడంటే కుబేరుడు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, నాకు దొరికితే నాలుగు దులిపేదాన్ని.

వెంకాయమ్మ గారి హోటలు రోడ్డు మీదే ఉంది. ఆవిడ నన్ను చూడగానే స్టవ్వు తగ్గించి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "రండమ్మా. కాఫీ తర్వాత తాగుదురు గానీ" అంటూ ముందు నడిచింది. దారిలో గుడి. నల్లబడిన రాతి స్తంభాలు, వాటి మీద అరిగిపోయిన అక్షరాలు. అరుగు మీద ఇద్దరు ముసలివాళ్లు వాన తగ్గేదాకా కబుర్లాడుకుంటున్నారు. తీరిగ్గా వెళ్లేవాళ్లు తప్పక చూడండి. నేను చెప్పులు విడవకుండా బయటనుంచే దణ్ణం పెట్టాను.

"కోట ఎక్కడుండేదండి?" అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలి గనక.

"ఎవరికి తెలుసమ్మా? మా పొయ్యి కిందుందో, ఆ బడి కిందుందో. వాన వెలిశాక దిబ్బ మీద పూసలు దొరుకుతాయండి, పెంకులు దొరుకుతాయి. మా ఇళ్లకి మెరక పోసింది కూడా ఆ మట్టే."

నిజమే. దిబ్బలో సగాన్ని ట్రాక్టర్లు ఎప్పుడో తినేశాయి. కోసిన చోట వరసలు వరసలుగా పాత ఇటుక, బూడిద, కుండపెంకులు. మా వంటింటి చెత్తలాంటిదే, కాకపోతే రాజుల కాలం నాటిది. జారకుండా ఎక్కాలంటే చెప్పులు చేత్తో పట్టుకోక తప్పదు. పైన ఒక గుంట, దాని మీద నాలుగు కర్రలకు కట్టిన ప్లాస్టిక్ పట్టా. దగ్గరికి వెళ్లకముందే వాసన వచ్చింది.

ప్రసాదు గుంట అంచున కూచుని ఉన్నాడు. గడ్డం నెరిసిపోయింది. ఎడమ కాలికి కట్టిన గుడ్డ ఏ రంగో చెప్పలేను. వేళ్లు నల్లబడి ఉన్నాయి. వాడి ఒళ్లో ఇనప జల్లెడ, దాంట్లో తడిమట్టి. నన్ను చూసి, "అక్కా, నువ్వెందుకొచ్చావ్ వానలో?" అన్నాడు.

"నీ తద్దినానికి రాలేక ఇప్పుడే వచ్చాను. లేవరా" అన్నాను.

వాడు నవ్వాడు. ఆ నవ్వు మాత్రం మారలేదు. వెంకాయమ్మ గారు కిందికి వెళ్లి ఆటో పిలిపిస్తానంది. ఆవిడ దూరమయ్యేదాకా ఆగి, వాడు మొలలోంచి ఒక గుడ్డ మూట తీశాడు. లోపల బఠాణీ గింజంత ముద్ద, మట్టి గట్టిగా పట్టి ఉంది. వంకరగా, మసగ్గా, చూడ్డానికి ఏమీ కాదు.

"మొన్న వానకి బయటపడిందక్కా. ఎవరికీ చూపించలేదు. ఇక్కడివాళ్లకి చూపిస్తే మిగలనివ్వరు. ఇది బంగారమైతే ఈ గుంటలో ఇంకా ఉన్నట్టే. ఒక్క పది రోజులు తవ్వుకుని, నేనే వస్తా ఆస్పత్రికి."

"పది రోజులకి నువ్వుంటావట్రా? కాలు చూసుకున్నావా?"

"ఇత్తడైతే నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికొస్తా. డాక్టర్లు కాలు తీసేస్తామన్నా ఊరుకుంటా. బాపట్లలో కంసాలికి చూపిద్దాం. నేను మెట్లెక్కలేను, నువ్వే పట్టుకెళ్లు. కంసాలి మాట నేను నమ్మను. నువ్వు చెబితే నమ్ముతా. నీ నోరు చెడ్డదే గానీ, నాతో ఒక్కనాడూ అబద్ధమాడలేదు."

ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేయను, ఎత్తుకుపోయే బలం నాకెక్కడిది? ఇత్తడే అవుతుందిలే అని ధైర్యం. రెండేళ్లు పెంకులు తప్ప దొరకనివాడికి ఇవాళ బంగారం దొరుకుతుందా?

ఆటో డ్రైవరు, వెంకాయమ్మ గారు చెరో రెక్కా పట్టుకుని దింపారు. పన్నెండు దాటాక బాపట్ల బస్సు వచ్చింది. మేమెక్కగానే ముందు సీట్లవాళ్లు ముక్కుకి చెంగులడ్డం పెట్టుకుని ఒక్కొక్కరే వెనక్కి జరిగారు.

"ఏంటమ్మా ఈ వాసన?" అన్నాడు కండక్టరు.

"మనిషి వాసన బాబూ. రెండు బాపట్లకివ్వు" అన్నాను. ఆ అబ్బాయి టికెట్లు కొట్టాడు. ప్రసాదు దారంతా తల వంచుకునే ఉన్నాడు. వాడి ఒళ్లు కాలిపోతోంది.

బాపట్ల బస్టాండు దగ్గర హోటల్లో పెరుగన్నం పెట్టించాను. రెండు ముద్దలు తిని చాలన్నాడు. బాపట్లకు వచ్చినవాళ్లు భావనారాయణస్వామి గుడి చూస్తారు, సముద్రానికి పోతారు. మేం రిక్షా మాట్లాడుకుని గుడి ముందునుంచే బంగారం పనివాళ్ల వీధికి వెళ్లాం. "స్వామీ, ఇది ఇత్తడి చెయ్యి తండ్రీ" అని మొక్కుకున్నాను. బంగారం కావాలని మొక్కేవాళ్లే గానీ, ఇలా మొక్కిన ఆడది ఆ స్వామికి తగిలి ఉండదు.

రిక్షా అరుగు పక్కన ఆపించి, ప్రసాదుని దాంట్లోనే కూచోబెట్టి, మెట్లెక్కాను. కంసాలి ముసలాయన, కళ్లజోడు ముక్కు చివర. ముద్దని నీళ్లలో కడిగి, చిన్న బ్రష్షుతో రుద్ది, గీటురాయి మీద ఒక గీత గీశాడు. దాని మీద ఏదో ఆసిడు చుక్క వేశాడు. నేను ఆ గీతనే చూస్తున్నాను. చెరిగిపో, చెరిగిపో అనుకుంటున్నాను. అది చెరగలేదు. ఇంకా పచ్చగా నిలబడింది.

"బంగారమేనమ్మా. పాతకాలందిది, కల్తీ లేదు. ఎక్కడిది?"

"మట్టిలో దొరికిందండి."

ఆయన కళ్లజోడు తీసేశాడు. ముద్దని గబగబా నా గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "అయితే మీరు రాలేదు, నేను చూడలేదు. గవర్నమెంటు గొడవ మాకెందుకమ్మా, వెళ్లిరండి."

ఆ నాలుగు మెట్లూ దిగాను. ప్రసాదు రిక్షాలోంచి ముందుకు వంగి నా మొహమే చూస్తున్నాడు. పరీక్ష రిజల్ట్సు నాడు కూడా ఇలాగే చూసేవాడు వెధవ. వాడికి రెండేళ్లలో దొరికిన ఒక్క సంతోషం నా గుప్పిట్లో ఉంది.

"ఏంటక్కా?"

"ఇత్తడిరా" అన్నాను.

వాడు చెయ్యి చాపాడు. ఇవ్వనంటే అనుమానమొస్తుందని గుడ్డతో సహా ఇచ్చేశాను. విప్పి చూడకుండానే జేబులో వేసుకున్నాడు. "పద, ఏ ఆస్పత్రికంటే ఆ ఆస్పత్రికి" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. అదుంటే బాగుండేది, నాకు తిట్టడానికైనా వీలుండేది.

తెనాలి పెద్దాసుపత్రికే పోదామని స్టేషన్లో గంటన్నర కూచున్నాం. తెనాలి వైపు పాసింజరు నాలుగింటికి వచ్చింది. పోర్టరొకాయన వాణ్ణి ఎత్తి సీటు మీద కూచోబెట్టాడు, ఇస్తే డబ్బులు తీసుకోలేదు. అప్పికట్ల, నిడుబ్రోలు. వాన వెలిసి మబ్బు కింద పచ్చటి వెలుగు. వాడు కిటికీకి తల ఆనించి పడుకున్నాడు, నేను వాడి కాలు నా ఒళ్లో పెట్టుకుని కూచున్నాను.

చందోలు ఎలా ఉందని తర్వాత చాలామంది అడిగారు. వెళ్లండి. గుడి చూడండి, వెంకాయమ్మ గారి హోటల్లో కాఫీ తాగండి, పిల్లలకి ఆ ఇటుకలూ పెంకులూ చూపించి పాఠం చెప్పండి. ఇంట్లో దీపం ఆరిపోయినవాళ్లని మాత్రం ఆ దిబ్బ మీదికి ఒంటరిగా పంపకండి. రాజులు పోయినా ఆ ఊరు ఇంకా మనుషుల్ని కప్పం అడుగుతోంది.

చుండూరు దాటాక ప్రసాదు లేచి కూచున్నాడు. జేబులోంచి మూట తీసి, విప్పి, ఆ ముద్దని అరచేతిలో పెట్టుకుని చూశాడు. కడిగాడు కదా ముసలాయన, మెరుస్తోంది కూడా. వాడు కిటికీ ఊచల మధ్యనుంచి చెయ్యి బయటపెట్టి, ఉన్న బలమంతా పెట్టి విసిరేశాడు. నీళ్లు నిండిన పొలాల్లో ఎక్కడో పడింది. చప్పుడైనా వినపడలేదు.

నా చెయ్యి దానంతటదే సగం లేచింది. పమిట సర్దుకున్నట్టు దించేసుకున్నాను.

"ఏంటక్కా?"

"ఏం లేదు."

"పోనీ నీ దగ్గరైనా ఉంచాల్సింది. రెండేళ్ల కష్టం, గుర్తుగా ఉండేది."

"ఇత్తడి ముక్కకి గుర్తేంటిరా" అన్నాను. "కాలు చాపుకో. తెనాలి వచ్చేస్తోంది."